ముందు పాత డబ్బా

"కొవ్వొత్తులు ఆరు పెట్టెలు, అగ్గిపెట్టెలు నాలుగు డజన్లు, ఉప్పు పది కిలోలు, ఎర్ర సబ్బులు ఇరవై."

రాహేలు ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పింది. మధ్యలో ఆగితే సిగ్గు ముంచుకొస్తుందని ఆమెకు తెలుసు.

కౌంటర్ వెనక నిలబడ్డ కొత్త సేల్స్‌మన్ పెన్సిల్ తీసి చెవి మీద పెట్టుకున్నాడు. ఆమెను ఒకసారి, ఆమె తెచ్చిన గోనెసంచులను ఒకసారి చూశాడు.

"పెండ్లా మేడం?"

"కాదు."

"మరి యుద్ధమా?"

వెనక క్యూలో కిసుక్కున నవ్వారు. జీతాల వారం కాబట్టి కాజీపేట కో-ఆపరేటివ్ స్టోర్‌లో ఆ పూట ఇసుక వేస్తే రాలనంత జనం. రాహేలు చెవులు ఎర్రబడ్డాయి.

"మీ పని సామాన్ ఇచ్చుడు. కారణాలడుగుడు కాదు."

"అడగకపోతె ఎట్ల మేడం? ఇన్ని అగ్గిపెట్టెలు ఇచ్చినంక ఊరంటుకుంటె పోలీసోళ్లు ముందుగాల నన్నే పట్టుకపోతరు."

"ఊర్లు అంటుకునేది అగ్గిపెట్టెలతోని కాదు, మీ అసొంటోళ్ల నోటితోని."

క్యూ ఈసారి రాహేలు పక్షాన నవ్వింది. కుర్రాడు కూడా నవ్వాడు. అందుకే ఆమెకు ఇంకా మండింది. తిట్టినప్పుడు ఎదుటివాడి ముఖం మాడాలి కానీ, ఇలా చెంపలు సొట్టలు పడితే తిట్టిన ఫలితం ఏముంటుంది?

వెనక నుంచి పక్కింటి యాకమ్మ సాయానికి వచ్చింది, ఎవరూ పిలవకపోయినా. "గామె జయరాజు సారు బిడ్డ గదా పిలగా! వచ్చే నెల భూమి అదురుతదట. ఆళ్లింట్ల సామాన్ నింపుతాన్రు."

"భూమి బద్దలైతె సబ్బులేం జేత్తరు మేడం?" అన్నాడు అతను, తూకం వేస్తూనే.

"తానం జేసి పోతం. మీ లెక్క మురికితోని పోం."

సంచులు భుజాన వేసుకుని బయటికి వచ్చాక గానీ రాహేలుకు ఊపిరి ఆడలేదు. అతని పేరు దానియేలని, ఊరు హసన్‌పర్తి అని, నెల కిందటే ఉద్యోగంలో చేరాడని యాకమ్మ దారి పొడవునా చెప్పింది. రాహేలు అడగలేదు. వద్దని కూడా అనలేదు.

భూమి అదిరే సంగతి ఏమిటంటే, అది 1982. మార్చి పదో తారీకున గ్రహాలన్నీ సూర్యుడికి ఒక పక్కన చేరతాయని, దాంతో భూమి దద్దరిల్లిపోతుందని ఎవరో అన్నారు. ఎవరన్నారో ఎవరికీ తెలియదు. కాజీపేట జంక్షన్‌లో ఒక మాట పడిందంటే ఉత్తరానికీ దక్షిణానికీ ఒకేసారి బయలుదేరుతుంది. జనం ఒకపూట గుండెలు బాదుకుని, మరుసటి పూటకు మరిచిపోయి, సినిమాకు పోయారు. జయరాజు మాత్రం మరిచిపోలేదు.

ఆయన ముప్పై ఏళ్లు రైల్వేలో చేశాడు. అందులో ఎక్కువ కాలం రిలీఫ్ బండిలో సామాన్ చూసుకున్నాడు. ఎక్కడైనా బండి పట్టాలు తప్పితే షెడ్డు దగ్గర సైరన్ మోగుతుంది. మందులు, నీళ్లు, దీపాలు, తిండి నింపుకుని ఎప్పుడూ సిద్ధంగా ఉండే ఆ బండి వెంటనే కదలాలి. రిటైరై సోమిడి రోడ్డులో సొంత ఇల్లు కట్టుకున్నాక ఆయన చేసిన మొదటి పని, వెనక గదిని రిలీఫ్ బండిలా మార్చడం. డబ్బాలు నింపే అలవాటు మాత్రం రాహేలు పుట్టకముందు, రైల్వే క్వార్టర్లలో ఉన్నప్పటి నుంచే ఉంది. గోడల నిండా అరలు, అరల నిండా రేకు డబ్బాలు, ప్రతి డబ్బా మీద సున్నంతో రాసిన అంకెల్లో దాన్ని నింపిన సంవత్సరం. ఆ గదికి ఒకటే రూలు: ముందు పాత డబ్బా తెరవాలి, కొత్తది అవతల పెట్టాలి.

రైల్వేలో అది మంచి రూలే. ఇంట్లో దాని ఫలితం ఏమైందంటే, ఆ కుటుంబం ఎన్నడూ ఆ ఏటి బియ్యం తినలేదు. కొత్త బియ్యం వరుసలో వెనక నిలబడేవి. వాటి వంతు వచ్చేసరికి అవీ పాతబడేవి. పైగా రిలీఫ్ బండిలో లాగే సబ్బులనూ బియ్యాన్నీ ఒకే అరలో పెట్టేవాడేమో, అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే అప్పుడే స్నానం చేసి వచ్చినట్టుండేది. ఇక బిస్కెట్లు. బిస్కెట్ అంటే వంచితే వంగేదని రాహేలు చిన్నప్పటి నమ్మకం. బళ్లో తోటి పిల్ల ఒకసారి బిస్కెట్ కరకరా నమిలితే అది పాడైపోయిందేమో అనుకుంది.

"ఈ ఇంటికి కొత్తగొచ్చినదాన్ని నేనొక్కదాన్నే," అనేది తల్లి కృపమ్మ. "నన్ను సుత ఇరువై అయిదేండ్ల సంది నిలువబెట్టిండు మీ నాయిన."

కానీ ఆమె కూడా ఆ గది జోలికి పోయేది కాదు. కారణం తల్లీకూతుళ్లకు తెలుసు. ఒకసారి ఎక్కడో బండి పడిపోయినప్పుడు ఒక ముసలామె జయరాజును నీళ్లు అడిగింది. అప్పటికి తెచ్చిన నీళ్లన్నీ అయిపోయాయి. "లేవమ్మా" అన్నాడు. ఆ మాట అన్నందుకు ఆయన తనను తాను ఇప్పటికీ క్షమించుకోలేదు. అడిగినవాళ్లకు ఇంకెప్పుడూ లేదనకూడదని ఆయన పంతం.

*

రాహేలు హనుమకొండలో ఒక బళ్లో టీచర్. సాయంత్రం బస్సు దిగేసరికి స్టాపు దగ్గర దానియేలు కనిపించడం మొదలైంది. మొదటి రోజు పని మీద వచ్చానన్నాడు. రెండో రోజు కూడా అదే అన్నాడు. మూడో రోజు ఏమీ అనకుండా కాగితం పొట్లం చేతికిచ్చాడు. లోపల మిరపకాయ బజ్జీలు, చెయ్యి కాలేంత వేడిగా.

"ఎందుకివి?"

"మొన్న మిమ్ముల నవ్వులపాలు జేసిన గదా, దానికి జుర్మానా. ఇప్పుడే తినాలె టీచరమ్మా. ఇంటికి కొంటవోతె మెత్తవడతయి."

మర్నాడు బేకరీలో అప్పుడే పొయ్యిలోంచి తీసిన బన్ను. ఆ తర్వాత మల్లెమొగ్గలు, "పొద్దుగూకంగనే ఇచ్చుకుంటయి, రేపటికి పనికిరావు" అన్న హెచ్చరికతో సహా. అతను తెచ్చేవన్నీ అలాంటివే. ఏదీ రేపటిదాకా ఆగదు.

ఒకనాడు ఐస్‌ఫ్రూట్ కొనిచ్చాడు. రాహేలు సగం తిని, మిగతా సగం అలవాటు కొద్దీ టిఫిన్ డబ్బాలో పెట్టి మూత బిగించింది.

దానియేలు నోరు తెరిచాడు. "ఏం జేత్తానవ్?"

"అమ్మకు," అంది రాహేలు అమాయకంగా. అన్నాక తను చేసిన పని తనకే అర్థమైంది. డబ్బా అడుగు నుంచి ఎర్రటి నీళ్లు చీర కుచ్చిళ్ల మీదికి కారుతున్నాయి.

ఇద్దరూ ఎంత నవ్వారంటే, ఎక్కాల్సిన బస్సు ఆగి, హారన్ కొట్టి, కండక్టర్ రెండు మాటలు అని, వెళ్లిపోయింది. ఆమె దిగే స్టాపులో ఆమె ఎక్కాల్సిన బస్సేమిటని అడగకండి. ఆ వారం నుంచే ఆమె అతని కోసం ఒక స్టాపు ముందు దిగి, తర్వాతి బస్సులో ఇల్లు చేరుతోంది.

"దాచిపెట్టే చీజులు వేరే ఉంటయి రాహేలూ," అన్నాడు నవ్వు ఆగాక. టీచరమ్మ పోయి పేరు వచ్చింది. అతని గొంతులో ఆ పేరు ఆమెకు కొత్తగా వినిపించింది. ఆ రాత్రి సబ్బు వాసన అన్నం తింటూ కూడా ఆమె ముసిముసిగా నవ్వుకుంటుంటే, తల్లి అనుమానంగా చూసింది.

"ఏందే, అన్నంల ఏమన్న కలిసిందా?"

"ఏం లేదమ్మా. సబ్బే."

*

మార్చి పదో తారీకు రానే వచ్చింది. జయరాజు తెల్లారుజామునే ఖాకీ కోటు తొడుక్కుని, మెడలో విజిల్ వేసుకుని, గది తాళంచెవి చేత పట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు. భూమి అదరలేదు. పది గంటలకు అదరలేదు. మధ్యాహ్నం కుక్క ఒకటి ఒళ్లు విరుచుకుని మళ్లీ పడుకుంది.

సాయంత్రానికి హోలీ రంగులు ఇంకా వదలని ముఖాలతో వాడకట్టు జనం గేటు ముందు గుమిగూడారు. చాయ్ బండి యాకయ్య గొంతు అందరికంటే పెద్దది.

"జయరాజన్నా! నీ ఓడ ఎప్పుడు లేత్తది? మేం సుత ఎక్కుతం!"

జనం ఘొల్లుమన్నారు. "ఓడ! ఓడ!" అని పిల్లలు కేకలు వేశారు. జయరాజు లేచి నిలబడ్డాడు. కోపం లేదు ఆ ముఖంలో. కోపం ఉన్నా బాగుండేది.

"ఓడ ఏంది యాకయ్యా?"

"నీ ఇల్లే అన్నా, బైబిల్ల జలప్రళయమప్పటి ఓడ లెక్క. స్టోర్‌ల దానియేలు పెట్టిండు పేరు. ఊరంత గదే అంటాన్రు."

రాహేలు కాళ్ల కింద నిజంగానే భూమి అదిరింది.

జయరాజు మెల్లగా విజిల్ తీసి మేకుకు తగిలించాడు. గదికి తాళం వేశాడు. మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో డబ్బాల లెక్క లేదు, హుకుం లేదు, మాట లేదు. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు.

మర్నాడు బస్టాపులో దానియేలు ఎదురొచ్చాడు. "రాహేలూ, జర ఇను, నేను గా మాట ఫిబ్రవరిల అన్న, నువ్వు స్టోర్‌కొచ్చిన నాడు, మన మాటలు కలువకముందు—"

"కలిసినంక ఎందుకు చెప్పలే?"

అతని వాక్చాతుర్యమంతా ఎక్కడికో పోయింది.

"ఊర్లు అంటుకునేది నోటితోనని ఆనాడే అన్న," అంది ఆమె. "మా నాయిన లేచి తిరిగినన్నాడు నాతోని మాట్లాడు. అప్పటిదాంక నా ముందు నిలవడకు."

ఆ తర్వాత అతను నిలబడలేదు. స్టాపుకు దూరంగా, కరెంటు స్తంభం పక్కన, మల్లెపూల పొట్లం చేతిలో పట్టుకుని కనిపించేవాడు. ఆమె చూసేది కాదు. చూడనట్టు ఎంత గట్టిగా ఉండేదంటే, అతను ఏ రోజు ఏ చొక్కా వేసుకున్నాడో ఆమెకు కంఠతా వచ్చేసింది.

*

మే మొదటి వారంలో ఒక సాయంత్రం గాలిదుమారం లేచింది. వెనకే రాళ్లవాన. తెల్లారేసరికి కాజీపేటలో సగం చెట్లు నేల మీద ఉన్నాయి. పట్టాల మీద చెట్లూ తీగలూ పడి రెండు బండ్లు స్టేషన్‌లో చిక్కుకుపోయాయి. రోడ్డుకు అడ్డంగా చింతచెట్లు పడి హనుమకొండ నుంచి లారీ రాలేదు, బస్సు రాలేదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు కాబట్టి సైరన్ మోగలేదు.

జయరాజు మంచం మీద పడుకుని చెవి షెడ్డు వైపే వేశాడు. సైరన్ మోగలేదు కాబట్టి కళ్లు మూసుకున్నాడు.

సన్నటి వాన ఇంకా పడుతూనే ఉంది. గేటు చప్పుడైంది. నిలువెల్లా తడిసిన దానియేలు వాకిట్లో నిలబడ్డాడు. రాహేలు గుమ్మంలోకి వచ్చింది. అతను ఆమెను చూశాడు కానీ ఆమెతో మాట్లాడలేదు. నేరుగా మంచం దగ్గరికి వెళ్లాడు.

"వందనాలు అంకుల్. నేను దానియేలును. మీ ఇంటికి ఓడ అని పేరు పెట్టినోన్ని."

కృపమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జయరాజు గోడవైపే ఉన్నాడు.

"తప్పయింది. తిట్టుర్రి, కొట్టుర్రి, తర్వాత. స్టేషన్ల రెండు బండ్ల జనమున్నరు. పొద్దటి సంది క్యాంటీన్‌ల తినుడుకేం లేదు. పిల్లలు ఏడుస్తాన్రు. మా స్టోర్‌కు ఉరికొచ్చిన్రు. అరలన్ని ఖాళీ. అడిగినోళ్లందరికి 'లేదు, లేదు' అనుకుంట నిలవడ్డ. నాతోని అయితలేదంకుల్."

జయరాజు ఇటు తిరిగాడు. రెండు నెలల్లో మొదటిసారి.

"సైరన్ మోగలే గదా?"

"మోగలే. ఎవ్వలు సావలే. ఆకలైతాంది, గంతే. ఆకలికి సైరన్ ఉండదు గదా."

ఆయన ఆ కుర్రాడి ముఖంలోకి చూశాడు. లేదని చెప్పి వచ్చిన మనిషి ముఖం ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. లేచి కూర్చున్నాడు. కాళ్లు కింద పెట్టాడు.

"కృపా, నా కోటేది?"

విజిల్ మోగింది. రాహేలుకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తాళం తీసేసరికి వాడకట్టంతా గేటు ముందుంది. ఓడ ఎప్పుడు లేస్తుందని అడిగిన యాకయ్యే ముందుగా నెత్తిన బియ్యం డబ్బా పెట్టుకున్నాడు.

"పాతయి ముందు!" జయరాజు కేక వేశాడు. "సంవత్సరం సూసి తియ్యుర్రి! ఒరే, ఉప్పు డబ్బా తలకిందులు పట్టకు!"

ప్లాట్‌ఫారం చివర, రేకుల కింద పొయ్యిలు పెట్టారు. రాహేలు వడ్డిస్తుంటే దానియేలు పప్పు బకెట్ పట్టుకుని వెంట నడిచాడు. అన్నం వేడిగా పొగలు కక్కుతోంది. పొగతో పాటు ఇంకో వాసన కూడా లేస్తోంది.

ఉత్తరాదికి పోయే బండిలోని ఒక ముసలామె ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది. "ఏంది బిడ్డా ఇది? బువ్వకు తానం పోసినట్టున్నరు?"

రాహేలు సిగ్గుతో చచ్చిపోయింది.

"గవును పెద్దమ్మా," అన్నాడు దానియేలు గంభీరంగా. "సారు శానా నీటుగ ఉంటడు. బియ్యానికి సుత సబ్బు పెడ్తడు."

ముసలామె పకపకా నవ్వి, "ఇంకింత ఎయ్యి" అంది. అవతల నిలబడ్డ జయరాజు ఆ మాట విన్నాడు. "ఇంకింత" అన్నవాళ్లందరికీ "ఉంది" అంటూ తిరిగాడు. ఉంది, ఉంది, ఉంది. ఆ ఒక్క మాటను తనివి తీరా అన్నాడు ఆ పూట.

పొయ్యిలు చల్లారేవేళకు వాన మళ్లీ అందుకుంది. ఇద్దరూ ఒకే రేకు కింద ఇరుక్కున్నారు. దానియేలు చొక్కా నిండా పప్పు, రాహేలు ముక్కు మీద మసి.

"మీ నాయిన లేచిండు," అన్నాడు అతను. "ఇప్పుడు మాట్లాడొచ్చా?"

"మాట్లాడు. గని ఊకె నవ్వించకు."

"నవ్వించ. రాహేలూ, నువ్వంటె నాకు పానం. గంతే."

వాన చప్పుడులో వినిపించలేదని అనవచ్చు. ఆమె అనలేదు. కాసేపు చూరు నుంచి కారే నీళ్ల కింద చెయ్యి పెట్టింది.

"నువ్వు తెచ్చేటియన్ని ఏ పూటకాపూట కరిగిపోతయి. నువ్వు నిలువ ఉంటవా మరి?"

"నిలువ ఉండుడు నాకు తెల్వదు. రోజూ కొత్తగ వత్త."

ఆమె తడిచేత్తో అతని చొక్కా మీది పప్పు మరక తుడిచింది. మరక ఇంకా పెద్దదైంది. ఇద్దరికీ పట్టింపు లేదు.

*

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చాక, దానియేలు తన తల్లి రాజక్కను వెంటబెట్టుకుని సోమిడి రోడ్డు ఇంటికి వచ్చాడు. రాజక్క ముంజలు తెచ్చింది. పెళ్లి విషయం ఎత్తింది. కృపమ్మ మొహం వెలిగింది. అందరూ జయరాజు వైపు చూశారు. రాహేలు తలుపు పక్కన నిలబడి వింటోంది. ఆయన ఒక్కసారి కాదంటే ఔననిపించే మొనగాడు కాజీపేటలో ఇంకా పుట్టలేదు.

"నా బిడ్డ కోసం ఏం దాచిపెట్టినవ్?" అని అడిగాడు ఆయన.

దానియేలు అబద్ధం ఆడవచ్చు. అతని నోటికి అది కష్టం కాదు. "ఏం లేదంకుల్," అన్నాడు. "నాకు దాసుడు రాదు. ఏ రోజుకారోజు తెత్త. మీ రూలు నేర్పితె నేర్సుకుంట."

జయరాజు వెనక గది వైపు చూశాడు. అరలు దాదాపు ఖాళీ. మూలన ఆ ఏడు నింపినవి మాత్రం ఉన్నాయి, సీలు కూడా తియ్యకుండా. వాటి ఇవతల, స్టేషన్ నుంచి తిరిగొచ్చిన పాత బిస్కెట్ల డబ్బా ఒకటి.

కృపమ్మ చాయ్ పెట్టి, అలవాటుగా ఆ పాత డబ్బా మూత మీద చెయ్యి వేసింది. వంగే బిస్కెట్లు. రాహేలు కళ్లు మూసుకుంది.

"కృపా."

"ఆఁ?"

"అది కాదు. దాని ఎనుక ఉన్నది తియ్యి. కొత్త డబ్బా."

కృపమ్మ చెయ్యి అలాగే ఆగిపోయింది. "పాతది ఉండంగనా?"

"ఉండనియ్యి. అల్లుడొచ్చిండు."

రాహేలు కళ్లు తెరిచేసరికి తండ్రి సీలు స్వయంగా తెంపుతున్నాడు. మొదటి బిస్కెట్ తీసి దానియేలుకు ఇచ్చాడు. రెండోది కూతురికి ఇచ్చి, చిన్నప్పుడు బడికి పంపేటప్పుడు నిమిరినట్టు తల నిమిరాడు.

రాహేలు కొరికింది. కరుక్కుమంది. ఆ ఇంట్లో ఆ చప్పుడు వినడం అందరికీ అదే మొదటిసారి.